రిమోటు కారుకు బంగారు శీల

నేను ఉద్యోగం చేసింది రెండేళ్ల ఏడు నెలలు. దాన్ని పట్టుకుని "ఉద్యోగ జీవితం" అంటే మా ఆయన నవ్వుతాడు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఇంకా బోలెడు సర్వీసు ఉంది. నేను మాత్రం ఇరవై ఆరేళ్లకే రిటైరయ్యాను. పాప పుట్టింది, మానేశాను. ఇప్పుడు అది నిద్రపోయింది కాబట్టి రాస్తున్నాను. నోట్లో ఏమీ లేదని రెండుసార్లు వేలు పెట్టి చూసుకున్నాను. మెకానిక్కుగా పనిచేసిన దాన్ని కదా, చిన్న వస్తువులు ఎంత సులువుగా మాయమవుతాయో నాకు తెలిసినంతగా ఏ తల్లికీ తెలియదు.

డిగ్రీ అయి, ఏదైనా పనిలో చేరదామా వద్దా అని ఊగుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో పెద్ద నీతి ఉంటుందని హామీ ఇవ్వలేను. ఒక బొమ్మ కారు, ఎనిమిది స్క్రూలు, మా అత్తయ్య ఉన్నారు. అంతే.

జగ్గయ్యపేట బస్టాండు వెనక వీధిలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే షాపు ఒకటి ఉండేది. దాని ఓనరును ఊళ్లో అందరూ సాయిబు గారు అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నేను బి.ఎస్సీ ఫిజిక్సు చదివాను. పెళ్లయ్యాక ఇంట్లో కూర్చుని, పోస్టులో పాఠాలు పంపే రేడియో కోర్సు ఒకటి పూర్తి చేశాను. మా ఇంటి రేడియో విప్పి మళ్లీ బిగిస్తే అది పాడింది. ఆ రోజు అత్తయ్య పక్కింటివాళ్లను పిలిచి మరీ వినిపించింది. షాపులో చేరతానని అనేసరికి మాత్రం ముఖం మాడ్చుకుంది.

"ఇంట్లో రేడియో బాగుచేసుకోడం వేరమ్మాయ్, బజార్లో కూర్చోడం వేరు."

మా ఆయన బతిమాలాడు, నేను బతిమాలాను. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"మూణ్ణెల్లు చూస్తా. మెకానిక్కువై బల్ల దగ్గర కూర్చున్నావా, సరే. చీటీలు రాసే పనైతే మాత్రం మానేసి ఇంటికొచ్చెయ్. చీటీలు రాయడానికి డిగ్రీ చదివిన పిల్లెందుకు? నాకు వంటలో చెయ్యందిస్తే చాలు."

ఆవిడకు తెలియని సంగతేమిటంటే, సాయిబు గారు నన్ను పెట్టుకున్నది చీటీలు రాయడానికే. వత్సవాయి నుంచో వీరులపాడు నుంచో రైతులు తువ్వాల్లో మూట కట్టి తెచ్చే రేడియోలు తీసుకోవడం, పేరు రాసి దారంతో చీటీ కట్టడం, ఎప్పుడిస్తారంటే "ఎల్లుండి రండి" అనడం నా పని. షాపులో రిపేరు బల్ల ఒకటి, దాని ముందు మూడు కుర్చీలు. ఒకటి సాయిబు గారిది. రెండోది పన్నెండేళ్లుగా ఉన్న సీనియర్ మెకానిక్కుది. మూడో దాని మీద చచ్చిపోయిన స్పీకర్లు కూర్చునేవి. నేను కౌంటర్ దగ్గర నిలబడేదాన్ని. రెండు నెలల ఇరవై రోజులు అలాగే గడిచాయి. ఇంటికెళ్లి "ఇవాళ ఏం బాగుచేశావ్?" అని అత్తయ్య అడిగితే, సీనియర్ బాగుచేసిన వాటిలో ఒకటి చెప్పేదాన్ని.

ఆ షాపుకు ఒక ఆచారం ఉంది. ఏ సెట్టు విప్పినా స్క్రూలన్నీ ఒక పాత స్పీకర్ అయస్కాంతం మీద గడియారం అంకెల్లా గుండ్రంగా పెట్టాలి. ఏది ఎక్కణ్నుంచి తీశామో ఆ వరుసలోనే మళ్లీ బిగించాలి. తీసేటప్పుడు "ఎన్ని?" అని సాయిబు గారు గట్టిగా అడుగుతారు, మూసేటప్పుడు మళ్లీ అడుగుతారు. రెండు లెక్కలూ కలవకపోతే సెట్టు షాపు గడప దాటదు. "ఒక్క స్క్రూ మిగిలినా మనం బాగుచెయ్యలేదన్నట్టే" అనేవారు.

ఒక సోమవారం పొద్దున నందిగామ బస్సు దిగి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, చేతుల్లో దుప్పట్లో చుట్టిన మూట. పసిపిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. నేను నిజంగానే పసిపిల్లేమోననుకుని "డాక్టరు గారి ఆస్పత్రి పక్క సందండీ" అన్నాను.

"ఆస్పత్రిక్కాదమ్మా, దీనికే జబ్బు" అని దుప్పటి విప్పాడు.

ఎర్ర కారు. మూరెడు పొడవు. దాంతోపాటు పొడుగాటి యాంటెన్నా ఉన్న రిమోటు డబ్బా. ఆయన బావమరిది కువైట్ నుంచి తెచ్చాడట. పేటలో మేమెవరం అలాంటిదాన్ని దగ్గర్నుంచి చూడలేదు. సీనియర్ కూడా సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"మనవడి కోసం తెప్పించారా అండి?" అని సాయిబు గారు అడిగారు.

"మనవడికి రెండేళ్లండి. వాడికేం తెలుసు? నేనే ఆడుతున్నా" అన్నాడాయన, ఏ మొహమాటం లేకుండా.

కారు అడుగు తిప్పి చూశాం. ఎనిమిది చిన్న స్క్రూలు. ఒక్కదానికీ తల మీద గాడి లేదు. అన్నీ అరిగి, నున్నగా, అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఎవరు తిప్పారండీ వీటిని?"

"నేనేనండి. ఆగిపోయిందిగా మరి, లోపలేమైందో చూద్దామని. చాకుతో తిప్పా, రాలేదు. అడకత్తెరతో తిప్పా. మా ఆవిడ జడపిన్నుతో తిప్పింది. ఒక్కదాన్నీ వదల్లేదండి, అన్నీ ప్రయత్నించాం."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. గురువారం పొద్దున ఆయన కూతురికి తాంబూలాలు. మగపెళ్లివారు బెజవాడ వాళ్లు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు "మీ నందిగామలో ఏముంటాయండీ" అని ఒక మాట అన్నారట. అది ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. అందుకని తాంబూలం పళ్లెం ఈ కారు మీద పెట్టి, మనిషి చెయ్యి తగలకుండా వియ్యంకుడి ముందుకు పంపించాలని ఆయన పట్టుదల.

"నడపడానికి కూడా మీవాళ్లే రావాలి. మా ఇంట్లో ఎవరు నడిపినా గోడకే పోతోంది."

సాయిబు గారు సీనియర్ వైపు చూశారు. సీనియర్ నా వైపు చూశాడు. "ఆటబొమ్మ కదండీ, మేడం చూస్తార్లెండి" అని నవ్వాడు. ఆయన "మేడం" అన్నప్పుడల్లా ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టు ఉండేది.

సాయిబు గారికి ఆ నవ్వు నచ్చలేదో, లేక ఆ ఎనిమిది స్క్రూలు తన నెత్తిన పడతాయని భయపడ్డారో నాకిప్పటికీ తెలియదు. "సరేనమ్మా, నువ్వే చూడు. గురువారం ఆ కారు తప్పు లేకుండా నడిస్తే బల్ల దగ్గర కుర్చీ నీది. లేదంటే చీటీలే" అన్నారు.

చీటీలే అంటే ఇల్లే. మూణ్ణెల్ల గడువు ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. ఆ కారు అడుగున ఉన్న ఎనిమిది నున్నటి తలల మీద నా ఉద్యోగం వేలాడుతోందని నాకప్పుడే అర్థమైంది.

గాడి అరిగిన స్క్రూను తీయడానికి కొన్ని దారులున్నాయి. స్క్రూడ్రైవర్ కొనకూ స్క్రూకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి గట్టిగా నొక్కి తిప్పితే ఒక్కోసారి పట్టు దొరుకుతుంది. అలా మూడొచ్చాయి. సన్న రంపపు బ్లేడుతో తల మీద కొత్త గాడి కోస్తే ఇంకో మూడొచ్చాయి. మిగిలిన రెండింటి తలల మీద రాగి తీగ ముక్క సోల్డర్ చేసి, ఆ తీగను పట్టుకుని తిప్పాను. ఇది ఏ కోర్సులోనూ లేదు. పాలగిన్నె మూతకు పిడి ఊడినప్పుడు మా అమ్మ తీగ ముక్క కట్టి ఎత్తే పద్ధతిలోంచి వచ్చింది. ఈ మొత్తానికి రెండు రోజులు పట్టింది. మంగళవారం సాయంత్రం మూత లేచింది.

లోపల చూస్తే ఒక్క వైరు ఊడి ఉంది. అతికించడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

కారు బల్ల మీద బుర్రుమని పరుగెత్తింది. సీనియర్ టీ గ్లాసు పడబోయి ఆగింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ అప్పుడే సాయిబు గారు అడిగారు: "ఎన్ని తీశావమ్మా?"

"ఎనిమిదండి."

"ఎనిమిదీ ఏవి?"

అయస్కాంతం మీద ఎనిమిది స్క్రూల శవాలున్నాయి. సగం కోసినవి, తీగలు అంటుకున్నవి, వంకర పోయినవి. వాటిలో ఒక్కటీ మళ్లీ బిగించడానికి పనికిరాదు.

బుధవారం ఊరంతా తిరిగాను. రేడియో స్క్రూలు లావు. గడియారాల కొట్లో ఉన్నవి సన్నం. కళ్లజోళ్ల కొట్లో ఉన్నవి పొట్టి. ఇనప సామాన్ల కొట్లో నేను చూపించిన స్క్రూను అరచేతిలో పెట్టుకుని, "ఇది స్క్రూ ఏంటమ్మా, జీలకర్ర" అన్నారు. మిట్టమధ్యాహ్నం, సిమెంటు లారీలు లేపిన దుమ్ములో నిలబడి, ఏడుపొకటే తక్కువగా, చెవి దుద్దు తడుముకున్నాను. కంగారు పడినప్పుడు దుద్దు వెనకనున్న శీలను వేళ్లతో తిప్పుతుండటం నాకు అలవాటు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాను. శీల అంటే మరేమిటి? అదీ స్క్రూయే.

మా దుద్దులు చేసిన ఆచారి గారు అదే బజార్లో ఉండేవారు. మా పెళ్లికి అత్తయ్య దగ్గరుండి చేయించిన దుద్దులవి.

"ఆచారి గారూ, స్క్రూలు కావాలండి."

"స్క్రూలకి కంసాలి దగ్గరికొచ్చావేంటమ్మా? ఎండదెబ్బ గానీ తగల్లేదు కదా?"

నేను నమూనా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చిమటాతో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఓస్, శీలే కదా ఇది. ఏ చెవిది?"

"చెవిది కాదండి, కారుది."

"కారుకి చెవులేంటి?"

చెప్పాను. ఆయనకు నమ్మకం కలగలేదు. షాపుకు వచ్చి కారును స్వయంగా చూశాక గానీ పని ముట్టుకోనన్నాడు. వచ్చాడు, చూశాడు, ఎనిమిది రంధ్రాల్లోనూ సన్న పుల్ల దూర్చి తిప్పి చూశాడు.

"అమ్మా, ముందే చెప్తున్నా. నా శీల ఒక్కోటి ఒక్కో రంధ్రానికే. కుడి దుద్దు శీల ఎడమదానికి ఎక్కదు. ఇవి కూడా అంతే. వరుస తప్పావంటే నన్ననొద్దు."

చిన్న చిన్న చిల్లులున్న ఉక్కు పలకలో ఇత్తడి తీగను తిప్పి తిప్పి మర కోశాడు. పొద్దుగూకే వేళకు ఎనిమిది ఇత్తడి శీలలు, తలల మీద గాడి కోసినవి, గులాబీ రంగు కాగితంలో వరుసగా చుట్టి ఇచ్చాడు. నగ ఇచ్చినట్టే రెండు చేతులతో ఇచ్చాడు.

అమ్మాయిలూ, నేను చేసిన మొదటి తప్పు ఇప్పుడొస్తుంది. ఇంకోటి కూడా ఉంది, దాని వెనకే వస్తుంది.

గురువారం పొద్దున ఏడున్నరకు షాపులో కూర్చుని కాగితం విప్పాను. మూడు నెలల్లో ఆ షాపు ఆచారం నా వేళ్లలోకి ఎక్కిపోయింది. ఎనిమిది శీలలూ ముద్దుగా, గడియారం అంకెల్లా, అయస్కాంతం మీద పేర్చాను. అయస్కాంతాన్ని ఎత్తి దగ్గరికి జరుపుకున్నాను. అన్నీ జలజలా రాలాయి.

ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదని ఆరో క్లాసు పిల్లకు తెలుసు. బి.ఎస్సీ ఫిజిక్సుకు ఆ పూట తెలియలేదు.

ఏడు దొరికాయి. ఎనిమిదోది బల్ల చెక్కల సందులోంచి గచ్చు మీద పడి, రెండు గంతులేసి, గుమ్మం ముందున్న సైడు కాలువలోకి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు తళుక్కుమంది కూడా.

అదృష్టం కొద్దీ వరుస గుర్తుంది. ఏడూ బిగించాను. కారు నడిపి చూశాను, బ్రహ్మాండంగా పోయింది. ఎనిమిదో రంధ్రం మాత్రం నన్ను చూస్తోంది. అది లోపలి బోర్డును పట్టి ఉంచే స్క్రూది. అది లేకపోతే బోర్డు అదిరి వైరు మళ్లీ ఊడుతుంది. అప్పటికే సాయిబు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి మలుపు తిరుగుతున్నారు. వెనక అత్తయ్య పట్టుచీరలో వస్తోంది. "నందిగామకా? పరాయి మనిషితో ఒక్కదానివే? నేనూ వస్తా" అని రాత్రే తేల్చేసింది. తాంబూలాలంటే భోజనం కూడా ఉంటుందని ఆవిడకు తెలుసు.

కుండ దగ్గర నీళ్లు తాగే వంకతో కర్టెన్ వెనక్కి వెళ్లాను. కుడి దుద్దు శీల తీసి పెట్టి చూశాను, ఎక్కలేదు. ఎడమ దుద్దు శీల పెట్టాను. ఒకే చెయ్యి కోసిన మర కదా, వెన్నలో వేలు దిగినట్టు దిగింది. సాయంత్రం తీసేసుకోవచ్చులే అనుకున్నాను. చెవిలో దుద్దు జారకుండా దాని గొట్టంలోకి వెనక నుంచి అగ్గిపుల్ల ముక్క దూర్చాను.

"ఎన్ని బిగించావమ్మా?" అన్నారు సాయిబు గారు లోపలికి వస్తూనే.

"ఎనిమిదండి" అన్నాను. అబద్ధం కాదు.

బస్సులో ఎడమ వరసలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎడమ చెవి కిటికీ వైపు, కుడి చెవి అత్తయ్య వైపు.

"కిటికీ మూసెయ్ అమ్మాయ్, చెవుల్లోకి గాలి పోద్ది."

"పోనీండి అత్తయ్యా, చల్లగా ఉంది."

"మేలో చల్లగాలేంటి నీ మొహం!"

పమిట తలమీదుగా కప్పుకున్నాను. ఎప్పుడూ లేనిది కోడలికి అంత వినయం వచ్చిందేమిటని ఆవిడ నందిగామ దాకా నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది.

పెద్దాయన ఇంట్లో హాలంతా జంపఖానా పరిచారు. ఒక పక్క బెజవాడవాళ్లు ఎనిమిది మంది, ఇస్త్రీ మడతలు నలగకుండా కూర్చున్నారు. మధ్యలో పురోహితుడు. నేను గోడవారగా రిమోటు పట్టుకుని కూర్చున్నాను. కారు మీద చిన్న వెండి పళ్లెం, అందులో తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు. కారు ముక్కు సరిగ్గా వియ్యంకుడి వైపు పెట్టాను.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, ఇప్పుడు చూడండి. మనిషి చెయ్యి తగలకుండా తాంబూలం మీ దగ్గరికొస్తుంది. ఇది మా నందిగామ!"

నేను మీట ముందుకు నొక్కాను.

కారు వెనక్కి పోయింది.

మళ్లీ నొక్కాను. ఇంకా వెనక్కి పోయింది. వంటింటి గుమ్మం దగ్గర గారెల పళ్లెంతో నిలబడ్డ పెళ్లికూతురి మేనత్త "అమ్మో" అని గెంతింది. కారు ఆవిడ కాళ్ల పక్కనుంచి దూసుకుపోయి మంచం కింద దూరింది. అక్కడ గోడను గుద్దుకుంటూ గుర్రుగుర్రుమంటోంది.

బెజవాడవాళ్లలో ఒక బొద్దాయన, "తాంబూలం మాకివ్వడం దానికి ఇష్టం లేదల్లే ఉంది" అన్నాడు. నలుగురు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. సాయిబు గారు నా వైపు చూడకుండా పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటున్నారు.

ఆ క్షణంలో నాకు నా రెండో తప్పు తెలిసింది. షాపులో కారు నడిపి చూసింది ఏడు శీలలతో. ఎనిమిదోది బిగించాక మళ్లీ చూడలేదు. దుద్దు శీల ఇత్తడి వాటికంటే రవ్వంత పొడుగు. దాని కొన లోపలి బోర్డు మీది రాగి గీతకు తగిలి ఉంటుంది, అందుకే ముందు వెనకైంది. బంగారంలో కరెంటు ఎంత బాగా పారుతుందో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మంచం కిందికి పాకాను. నా వెనకే అత్తయ్య కూడా వంగింది. కారును బయటికి లాగి తిరగేశాను. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, దుద్దు శీలకు గాడి ఎక్కడిది? అది వేళ్లతో తిప్పేది. గోళ్లతో పట్టుకుని ఒక చుట్టు వదులు చేశాను. ఆ హడావుడిలో పమిట జారింది. కారు అడుగున మెరిసే శీల బిళ్లను అత్తయ్య చూసింది. నా ఎడమ చెవి చూసింది. చెవి వెనక పొడుచుకొచ్చిన అగ్గిపుల్ల చూసింది.

"అయ్యో! బంగారు శీల!" అని కేకేసింది.

ఆ కేక హాలు దాటి వీధిలోకి పోయింది.

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. "బంగారు శీలా? కారుకా?"

పెద్దాయనకు ఆ సంగతేమీ తెలియదు. ఒక్క రెప్పపాటు నా వైపు, కారు వైపు చూశాడు. తర్వాత కండువా సర్దుకుని, "మరి అల్లుడి మర్యాదండీ! ఇనప మేకులేస్తామా?" అన్నాడు.

నేను చప్పున కారును జంపఖానా మీద పెట్టి, రాలిన ఆకులు పళ్లెంలో సర్ది, మీట నొక్కాను. దేవుడు ఆ పూట ఫిజిక్సు పక్షాన ఉన్నాడు. కారు తిన్నగా ముందుకు పోయి, వియ్యంకుడి కాలి బొటనవేలికి తగిలి ఆగింది. చప్పట్లు మోగాయి. "ముందు వెనక్కెళ్లింది దణ్ణం పెట్టుకోడానికేనండీ" అని పెద్దాయన వివరించాడు. అందరూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత పావుగంట సేపు కారు నడిపింది వియ్యంకుడే. ఆయన ముఖంలో బెజవాడ ఎక్కడా కనపడలేదు, ఎనిమిదేళ్ల పిల్లాడు కనపడ్డాడు. అది చూసి పెద్దాయన పొంగిపోయి, "మీకే బావగారూ, కానుక!" అనేశాడు. ఇస్తూ కారును ఒకసారి కండువాతో తుడిచాడు. పాపం, ఆడుకునేది ఆయనే కదా.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉంచి, మెల్లగా మూసుకుంది. తాంబూలాల పూట ఇచ్చిన వస్తువును వెనక్కి అడిగితే పెళ్లికి అరిష్టమని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. తన కొడుకు పెళ్లికి చేయించిన శీల వేరేవాళ్ల సూట్‌కేసు పక్కన బెజవాడ కారెక్కుతుంటే, వాకిట్లో నిలబడి చూసింది. భోజనంలో పూర్ణాలు ఆరు తింది, ఒక్కోదాన్నీ పళ్లతో నరికినట్టు తింది.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. మధ్యలో అత్తయ్య. కంచికచర్ల వైపు నుంచి వచ్చిన బస్సు, నిండా జనం.

సాయిబు గారు టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత అడిగారు. "వెనక్కి ఎందుకు పోయిందమ్మా?"

ఆ వీధిలో మోగిన మైకు సెట్టు మీద తోసెయ్యొచ్చు. కరెంటు తీగల మీద తోసెయ్యొచ్చు. కానీ అత్తయ్య చూసేసింది, పైగా చెవిలో అగ్గిపుల్ల ఇంకా ఉంది.

"తప్పు నాదేనండి. ఒక శీల కాలవలో పడింది. నా దుద్దుది పెట్టా. పొడుగు కొలవలా. బిగించాక నడిపి కూడా చూళ్లా."

సాయిబు గారు గడ్డం నిమురుకున్నారు. "పని బాగా చేశావమ్మా. కానీ మాటంటే మాట. తప్పు లేకుండా నడిస్తే అన్నా. ఆఖర్న ఒక్క నిమిషం చూసుకోలేదు. ఇంకో మూణ్ణెల్లు చీటీలు రాయి, తర్వాత చూద్దాం."

"చీటీలా?" అంది అత్తయ్య.

ఆ ఒక్క మాటతో మూణ్ణెల్ల నా అబద్ధాలన్నీ బయటపడ్డాయి. నేను కిటికీలోంచి దూకడానికి సందు చూసుకున్నాను. కానీ ఆవిడ నా వైపు తిరగలేదు. సాయిబు గారి వైపు తిరిగింది.

"ఏవండీ, నా శీల బెజవాడ పోయింది. పిల్ల చెవికి అగ్గిపుల్ల మిగిలింది. శీలా పోయి, కుర్చీ కూడా లేదంటే ఎట్లాగండీ? అదేం న్యాయం?"

"అమ్మగారూ, అది కాదు..."

"పోనీ ఆ కారు ఆఖర్న నడిచిందా లేదా?"

"నడిచింది గానీ..."

"ఎవరు నడిపించారు? మీ సీనియరొచ్చి మంచం కింద దూరాడా?"

ముందు సీట్లో వత్సవాయి రైతొకాయన ఒళ్లో మందు కొట్టే డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరిగాడు. "ఏంటండీ గొడవ?"

అత్తయ్య మొదటి నుంచీ చెప్పింది. అడకత్తెర దగ్గర్నుంచి పూర్ణాల దాకా చెప్పింది. ఆవిడ చెప్తుంటే సీట్లలోవాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. నా చెవి చూడ్డానికి వెనక సీట్లోంచి ఇద్దరు ఆడవాళ్లు వంగారు.

"మొత్తానికి ముందుకు నడిచిందంటారు" అన్నాడు రైతు.

"నడిచింది. వియ్యంకుడి బొటనవేలు దాకా నడిచింది."

"మా ట్రాక్టరు వెనక్కి తప్ప పోనని మొరాయించి ఆరునెల్లయిందండీ, ముగ్గురు మేస్త్రీలు చూశారు. ఈ అమ్మాయి గోటితో ముందుకు తిప్పిందంటున్నారు! సాయిబు గారూ, ఇచ్చెయ్యండి కుర్చీ."

"ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి" అన్నారు వెనకవాళ్లు.

కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి స్తంభానికి ఆనుకున్నాడు. "తొందరగా తేల్చండి బాబాయ్ గారూ, పేట వచ్చేస్తోంది. సగం చెప్పి దిగిపోతే మాకు నిద్ర పట్టదు."

సాయిబు గారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. నవ్వాపుకోవడానికో, చెమటకో తెలియదు.

"సరేనమ్మా. రేపు తొమ్మిదింటికల్లా వచ్చి బల్ల దగ్గర కూర్చో."

నేను దణ్ణం పెట్టబోయాను. అత్తయ్య నా చేతులు కిందికి నొక్కింది.

"తొమ్మిదింటికి ఎట్లా కుదురుద్దండీ? మా అబ్బాయికి షిఫ్టుంది, క్యారేజీ కట్టాలి. పదింటికొస్తది."

"పదంటే షాపులో..."

"పది. సాయంత్రం అయిదింటికల్లా పంపించెయ్యాలి. ఆదివారం రాదు."

సాయిబు గారు బస్సంతా ఒకసారి కలయజూశారు. ఆయన వైపు ఒక్కరూ లేరు.

"పది" అన్నారు.